కారని సొట్ట

స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడో, రోడ్డు మీద ఎవరో వదిలేసిన రాయి మీదుగా వెళ్ళినప్పుడో కారు అడుగున ‘ధన్’మని చప్పుడవుతుంది. అప్పుడు దాదాపు అందరం చేసే పని ఒకటే. బండి పక్కకు ఆపి, దిగి, వంగి, కింద ఆయిల్ చుక్కలు పడుతున్నాయా అని చూస్తాం. నేల పొడిగా ఉంటే ‘హమ్మయ్య, చాంబర్ పగల్లేదు’ అనుకుని బయల్దేరతాం. మర్నాడు మెకానిక్‌కి చూపిస్తే ఆయనా ఒకసారి తొంగి చూసి, ‘చిన్న సొట్టే సార్, కారట్లేదుగా, ఏం కాదు’ అంటాడు. ఆ మాట చాలాసార్లు నిజమే అవుతుంది. కొన్నిసార్లు మాత్రం ఇంజిన్‌కే ముప్పు తెస్తుంది. ఆయిల్ కారకపోతే రేకు చిరగలేదని తెలుస్తుంది, అంతే. సొట్ట లోపలికి ఎంత పోయింది, అక్కడ దేన్ని తాకింది అన్నది తెలియదు. ఇంజిన్ బతుకు ఈ రెండో సంగతి మీదే ఆధారపడి ఉంది. కారే చాంబర్ తన గోడు తానే చెప్పుకుంటుంది. నేల మీద మరక పడుతుంది, యజమాని కంగారుపడి బండిని షెడ్డుకు తీసుకెళ్తాడు. కారని సొట్టకు నోరు లేదు. కాబట్టి కారే చాంబర్ కన్నా కారని సొట్టనే ఎక్కువ అనుమానించాలని నా వాదన. అందుకు కారణాలు ఇంజిన్ లోపలే ఉన్నాయి.

మెకానిక్‌లు ఆయిల్ చాంబర్ అనీ, కంపెనీ పుస్తకాలు ఆయిల్ పాన్ అనీ, సంప్ అనీ పిలిచేది ఇంజిన్ అడుగున బోల్టులతో బిగించిన ఒక తొట్టి. చిన్న కార్లలో సుమారు మూడు నుంచి నాలుగున్నర లీటర్ల ఇంజిన్ ఆయిల్ అందులో నిలవ ఉంటుంది. పంపు దాన్ని పైకి తోడి క్రాంక్ షాఫ్ట్‌కి, క్యామ్ షాఫ్ట్‌కి, మిగతా కదిలే భాగాలకి అందిస్తుంది. పని ముగించుకున్న ఆయిల్ దానంతటదే జారి మళ్ళీ తొట్టిలో పడుతుంది. అలా జారాలంటే తొట్టి ఇంజిన్‌లో అన్నిటికన్నా కింద ఉండక తప్పదు, కింద ఉందంటే రోడ్డుకి దగ్గరగా ఉన్నట్టే. స్విఫ్ట్, డిజైర్ లాంటి కార్లకు కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు. మామూలుగా ఇలా చెప్పేది ఖాళీ బండి లెక్క. ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండా పెళ్ళి సామాను పెడితే స్ప్రింగులు కుంగుతాయి. ఆపైన బ్రేకు తొక్కితే ముందు భాగం ఇంకాస్త ముక్కు దించుతుంది. ముందు చక్రాలతో నడిచే కార్లలో ఇంజిన్ ఉండేది సరిగ్గా అక్కడే.

ఈ దెబ్బల్లో మన రోడ్ల వాటా తక్కువేం కాదు. స్పీడ్ బ్రేకర్ ఎలా కట్టాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే తన 99వ నంబరు మార్గదర్శకాల్లో రాసిపెట్టింది. 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధంతో సాగిన వంపు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి వేసిన లెక్క అది. ఆ వంపు నడినెత్తి నుంచి 30 సెంటీమీటర్లు ముందుకు జరిగితే రోడ్డు దిగేది 3 మిల్లీమీటర్ల లోపే. ఏటవాలు ఎక్కువగా ఉండే అంచు దగ్గరైనా అంత దూరానికి సుమారు 3 సెంటీమీటర్లకు మించి దిగదు. చక్రం దిగుతున్నప్పుడు చాంబర్‌కి ఏ ఇబ్బందీ రాదు. మన వీధుల్లో కనిపించేది వేరు. ఎవరి ఇంటి ముందు వాళ్ళు అరమీటరు వెడల్పున, జానెడుకి కాస్త తక్కువ ఎత్తున కాంక్రీటు కుప్ప పోస్తారు. అక్కడ పాతిక సెంటీమీటర్ల దూరంలోనే చక్రం ఆ ఎత్తంతా దిగిపోతుంది. చాంబర్ ఇంకా కుప్ప దగ్గరే ఉండగా బండి ముక్కు కిందికి వాలుతుంది. పిల్లలు ఆడుకునే వీధిలో వేగం తగ్గాలనే తపన న్యాయమైనదే, దాన్ని తప్పుపట్టడం లేదు. అదే తపనతో కొలత ప్రకారం కట్టినా వేగం తగ్గుతుంది, బండీ దక్కుతుంది.

స్పీడ్ బ్రేకర్లు ఒక్కటే కాదు. ఘాట్ రోడ్డులో లారీ ఆగిపోతే వెనక్కి జారకుండా చక్రాల కింద రాళ్ళు పెడతారు, బండి బాగయ్యాక లారీ వెళ్ళిపోతుంది, రాళ్ళు అక్కడే ఉంటాయి. వరి, మొక్కజొన్న కోతల కాలంలో ధాన్యం రోడ్డు మీద ఆరబోసి, బండ్లు తొక్కకుండా చుట్టూ రాళ్ళు పేరుస్తారు. రాత్రిపూట అవి కనపడవు. మట్టి బాటల్లో ట్రాక్టర్ చక్రాలు రెండు చాళ్ళు లోతుగా దించేసి మధ్యలో గట్టు మిగులుస్తాయి. కొత్తగా రోడ్డు వేసిన వీధుల్లో మ్యాన్‌హోల్ మూత ఒకచోట పైకి, ఒకచోట లోపలికి ఉంటుంది. వీటన్నిటి కంటే బాధ కలిగించేది షెడ్డులోనే పడే సొట్ట. టైరు మార్చడానికి జాకీ పెట్టేటప్పుడు, దాని కోసం కేటాయించిన చోటు వెతక్కుండా చేతికందిన చాంబర్ కిందే పెట్టి ఎత్తడం వల్ల పడుతుంది. ఇంజిన్ బరువంతా పలచని రేకు మీద నిలబడితే అది లోపలికి పోకుండా ఎలా ఉంటుంది? ఇలా పడిన సొట్టకి చప్పుడు కూడా ఉండదు. యజమానికి తెలిసే దారే లేదు.

ఇక లోపల ఏం జరుగుతుందో చూద్దాం. క్రాంక్ షాఫ్ట్‌కీ, అది తిరిగే బేరింగుకీ మధ్య ఉండే ఖాళీ మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు మాత్రమే, తలవెంట్రుక మందానికి అటూ ఇటూగా. ఆ ఖాళీలోకి పంపు ఒత్తిడితో ఆయిల్‌ని తోస్తుంది. షాఫ్ట్ తిరుగుతున్న కొద్దీ ఆ ఆయిల్ పొర దాన్ని ఎత్తి పట్టుకుంటుంది. లోహం లోహాన్ని తాకకుండా షాఫ్ట్ నూనె మీద తేలుతుందన్నమాట. నిమిషానికి 3000 చుట్లు అంటే సెకనుకి 50 చుట్లు. ఆ వేగంలో ఆయిల్ పొర కొద్ది సెకన్లు చెదిరినా షాఫ్ట్ వెళ్ళి బేరింగుకి రాసుకుంటుంది. బేరింగు పైపూత కావాలనే మెత్తటి లోహంతో చేస్తారు, షాఫ్ట్ పాడవకుండా ముందు అది అరగాలని. రాపిడి వేడికి ఆ పూత కరిగి చెరుగుతుంది. ‘బేరింగులు కొట్టేశాయి’, ‘ఇంజిన్ పట్టేసింది’ అని మెకానిక్‌లు చెప్పే కథ మొదలయ్యేది ఇక్కడే.

ఈ ఆయిల్‌ని పంపు తోడుకునేది చాంబర్ అడుగున ఉండే ఒక గొట్టం ద్వారా. దాని చివర జల్లెడ తొడిగిన వెడల్పాటి నోరు ఉంటుంది. దాన్నే స్ట్రైనర్ అంటారు. చాంబర్ నేలకీ ఆ నోటికీ మధ్య సామాన్యంగా చిటికెన వేలు మందమంత ఖాళీ వదులుతారు. మరీ పైన ఉంటే మలుపుల్లో, ఎత్తుపల్లాల్లో ఆయిల్ పక్కకు ఒరిగినప్పుడు నోరు గాలి పీలుస్తుంది. మరీ కింద ఉంటే ఆయిల్ లోపలికి రావడానికి దారి చాలదు. బుర్రలో వేసుకోగలిగిన చిన్న లెక్క ఒకటి చూడండి. స్ట్రైనర్ నోరు 40 మిల్లీమీటర్ల వ్యాసం, పైన గొట్టం లోపలి వ్యాసం 16 మిల్లీమీటర్లు అనుకుందాం. గొట్టం దారి వైశాల్యం సుమారు 200 చదరపు మిల్లీమీటర్లు. నోటి చుట్టుకొలత సుమారు 126 మిల్లీమీటర్లు. కింద 8 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే ఆయిల్ చుట్టూ నుంచి వచ్చే దారి దాదాపు 1000 చదరపు మిల్లీమీటర్లు, గొట్టానికి ఐదు రెట్లు. సొట్ట పడి ఖాళీ 4 మిల్లీమీటర్లకు తగ్గినా ఇంకా 500 ఉంది, ఇబ్బంది లేదు. ఒకటిన్నర మిల్లీమీటర్లకు తగ్గిందంటే దారి 190కి దిగిపోయింది, అంటే గొట్టం కన్నా ఇరుకు. బయటి నుంచి చూస్తే ఆరేడు మిల్లీమీటర్ల లోతు సొట్ట, అరచేయి పెడితే కప్పేసేంత. చుక్క కారదు. కానీ పంపు గొంతు మీద వేలు నొక్కి పెట్టినట్టే. పంపుని బలంగా తిప్పితే ఆయిల్ వచ్చేస్తుందనుకోవడానికీ లేదు. ఆయిల్‌ని గొట్టంలోకి తోసేది బయటి గాలి ఒత్తిడి మాత్రమే, దానికి హద్దుంది. దారి ఇరుకైన కొద్దీ, వేగం పెరిగిన కొద్దీ పంపు ఆయిల్‌కి బదులు బుడగలు పీలుస్తుంది.

‘అలా జరిగితే డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలుగుతుందిగా?’ అని ఎవరైనా అడగవచ్చు. చాలామందిని మోసం చేసేది ఈ నమ్మకమే. నూనె గిన్నె బొమ్మతో ఉండే ఆ దీపం ఆయిల్ ఎంత ఉందో చెప్పేది కాదు, ఒత్తిడి పడిపోయిందని చెప్పేది. అదీ ఒత్తిడి దాదాపు అడుగంటాకే చెబుతుంది. చాలా కార్లలో అది వెలిగేది ఒత్తిడి 0.3 నుంచి 0.5 బార్ దగ్గరకు పడిపోయినప్పుడు. ఇంజిన్లు కట్టేవాళ్ళు పాటించే మోటు లెక్క ప్రకారం ప్రతి వెయ్యి చుట్లకీ సుమారు 0.7 బార్ ఒత్తిడి ఉండాలి. 3000 చుట్ల దగ్గర రెండు బార్లకు పైనే కావాలన్నమాట. ఇప్పుడు సొట్ట పడిన చాంబర్‌తో 3000 చుట్ల దగ్గర ఒక బార్ మాత్రమే వస్తోందనుకోండి. బేరింగులకి కావాల్సిన దాంట్లో సగం. దీపం మాత్రం ఆరిపోయే ఉంటుంది, దాని లెక్కలో ఒక బార్ చాలా ఎక్కువ. పైగా ఈ లోటు బయటపడేది వేగం మీదే. ఊళ్ళో ట్రాఫిక్‌లో, ఐడ్లింగ్‌లో పంపుకి కావాల్సిన ఆయిల్ తక్కువ, ఇరుకు దారిలోంచి కూడా అది వచ్చేస్తుంది. వారం రోజులు ఆఫీసుకి తిప్పి ‘బండి బాగానే ఉంది’ అనుకుంటాం. ఆదివారం హైదరాబాద్ నుంచి విజయవాడకి ఎండలో, నిండు బండితో, వంద వేగంతో గంటల తరబడి వెళ్ళినప్పుడు గానీ ఆ ఇరుకు దారికి అసలు పరీక్ష ఎదురవదు. ఆ పరీక్ష ఇంజిన్‌తో పెట్టుకోకూడదు.

డిప్‌స్టిక్ మీద నమ్మకం పెట్టుకునే వారికీ ఒక మాట. చాంబర్ నేల లోపలికి పొడుచుకొస్తే తొట్టి పట్టే పరిమాణం తగ్గుతుంది. అదే ఆయిల్ ఇప్పుడు కొంచెం ఎత్తున నిలబడుతుంది. పుల్ల తీసి చూస్తే గీత దగ్గరే ఉంటుంది, ఒక్కోసారి గీత కన్నా పైనే కనిపిస్తుంది. తర్వాతి సర్వీసులో పాత ఆయిల్ దించి గీత వరకే కొత్తది పోస్తే, సొట్ట ఆక్రమించినంత ఆయిల్ తక్కువతోనే ఇంజిన్ తిరుగుతుంది. సొట్ట పెద్దదైతే ఆ లోటు రెండు మూడు వందల మిల్లీలీటర్లు ఉండొచ్చు, అది పెద్ద తేడా అనిపించకపోవచ్చు. కానీ మొత్తం మూడు లీటర్లే పట్టే ఇంజిన్‌లో అది దాదాపు పదో వంతు. కొలత పుల్ల అబద్ధం చెప్పడం లేదు, దాని కొలతకు ఆధారమైన తొట్టే మారిపోయింది.

దీనికి ఎదురయ్యే బలమైన వాదన ఒకటుంది. సొట్టలు పడిన చాంబర్లతో ఏళ్ళ తరబడి తిరిగే టాక్సీలు, పాత కార్లు మన రోడ్ల మీద ఎన్నో ఉన్నాయి. అవన్నీ ఏమైపోయాయి? చాలావరకు బాగానే ఉన్నాయి, ఆ వాదనలో నిజం ఉంది. రేకు చాంబర్‌ని పలచగా చేయడంలోనే ఒక మేలు దాగి ఉంది. దెబ్బ తగిలితే పగలకుండా వంగి, ఆయిల్‌ని నేలపాలు కానివ్వకుండా కాపాడుతుంది. చాంబర్ అంతా ఒకే లోతులో కూడా ఉండదు. ఒక వైపు లోతుగా గుంటలా, మరో వైపు మెట్టులా పైకి లేచి ఉంటుంది. స్ట్రైనర్ ఉండేది ఆ లోతు గుంటలో. మెట్టు మీదో, పక్క గోడ మీదో, వాలు మీదో పడిన సొట్ట చాలావరకు ఏమీ చేయదు. అలాంటి దానికి చాంబర్ విప్పి డబ్బు ఖర్చు పెట్టమని నేను చెప్పను. ఒక ఫొటో తీసుకుని, ప్రతి సర్వీసులో పోల్చి చూసుకుంటే చాలు. లోతు గుంట అడుగున, డ్రెయిన్ బోల్టుకి చుట్టుపక్కల చదునుగా ఉండే భాగంలో పడిన సొట్ట వేరు. అది కారకపోయినా, చిన్నదే అయినా, లోపల చూడకుండా వదలకూడదు. ‘ఇన్ని బండ్లు తిరుగుతున్నాయి’ అన్న లెక్కలో తిరగడం మానేసిన బండ్లు ఉండవు. అవి ఇంజిన్ పనికి దిగి షెడ్డు మూలన ఉంటాయి. ఇంజిన్ పట్టేసిన రోజుకి ఆ పాత సొట్ట సంగతి ఎవరికీ గుర్తుండదు కూడా.

దెబ్బ తగిలిన వెంటనే చేయాల్సింది కష్టమేం కాదు. బండి చదునైన చోట ఆపి ఇంజిన్ కట్టేయాలి. చుక్కలు చూడండి, కానీ చుక్కలతోనే తీర్పు చెప్పకండి. పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తీయాలి. ఆయిల్ కారుతున్నా, స్టార్ట్ చేస్తే ఎర్ర దీపం ఆరకపోయినా, లోపలి నుంచి ‘టకటక’ శబ్దం వచ్చినా ఇంజిన్ మళ్ళీ తిప్పకుండా బండిని కట్టి లాక్కెళ్ళడమే మార్గం. చాలా పెద్ద దెబ్బైతే చాంబర్ రేకు తిరిగే క్రాంక్‌కో కనెక్టింగ్ రాడ్‌కో తగులుతుంది, ఆ శబ్దం అదే కావచ్చు. ఇవేవీ లేకపోతే దగ్గర్లోని షెడ్డు దాకా నెమ్మదిగా, చుట్లు పెరగకుండా నడపవచ్చు. ఇంకో జాగ్రత్త. ఇప్పటి చాలా కార్ల అడుగున నల్ల ప్లాస్టిక్ పళ్ళెం ఉంటుంది. బురద, నీళ్ళు చిమ్మకుండా ఆపడానికి పెట్టింది అది, రాయిని ఆపలేదు. దెబ్బ తగిలాక తిరిగి తన ఆకారానికి వచ్చేస్తుంది, కారిన ఆయిల్‌ని కాసేపు తనలోనే దాచుకుంటుంది. ఆ పళ్ళెం విప్పకుండా ‘కింద ఏమీ లేదు’ అనడం చూడనట్టే లెక్క.

షెడ్డులో చాంబర్ విప్పకుండా రెండు పరీక్షలు చేయవచ్చు. ఆయిల్ ప్రెషర్ స్విచ్ తీసి ఆ చోట ముల్లు తిరిగే గేజ్ బిగించి, ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లోనూ 3000 చుట్ల దగ్గరా ఒత్తిడి ఎంతో చూడటం ఒకటి. చుట్లు పెరిగినా ముల్లు పెరగకపోయినా, పైకి లేచి వణికినా అనుమానించాలి. ఆయిల్ దించి డ్రెయిన్ రంధ్రంలోంచి సన్నని కెమెరా పంపి స్ట్రైనర్‌ని కళ్ళారా చూడటం రెండోది. ఇవి చేసే సౌకర్యం లేకపోతే విప్పడమే. విప్పాక ఖాళీని కొలిచే పద్ధతి ఎంత సులువో చూస్తే ముచ్చటేస్తుంది. చాంబర్ లోపల కడిగి, స్ట్రైనర్ నోరు వచ్చే చోట పిల్లలు ఆడుకునే రంగుమట్టి ముద్ద ఒకటి బొటనవేలంత మందాన పెడతారు. అంటుకోకుండా పైన చుక్క ఆయిల్ రాస్తారు. పాత ప్యాకింగ్ వేసి, నాలుగు మూలలా నాలుగు బోల్టులతో చాంబర్‌ని బిగించి మళ్ళీ విప్పుతారు. స్ట్రైనర్ నోటి అచ్చు మట్టిలో గుండ్రంగా దిగి ఉంటుంది. నొక్కుకున్న చోట బ్లేడుతో నిలువుగా కోసి, మిగిలిన మందాన్ని స్కేలుతో కొలిస్తే అదే ఖాళీ. అయిదారు మిల్లీమీటర్లు ఉంటే నిశ్చింత. మట్టి కాగితంలా పలచబడితే జవాబు చేతిలోనే ఉంది. ఆ తర్వాత మట్టి రవ్వ కూడా మిగలకుండా తుడవాలని వేరే చెప్పనక్కర్లేదు. ఈ అవకాశంలోనే స్ట్రైనర్ గొట్టం వంగిందా, దాని అతుకు దగ్గర నెరియ పడిందా, రబ్బరు రింగు నలిగిందా అని చూడాలి. చాంబర్‌ని సరిచేసి, చిట్లిన గొట్టాన్ని అలాగే వదిలేస్తే పంపు అక్కడి నుంచి గాలి పీలుస్తూనే ఉంటుంది.

ఎలా బాగుచేయాలన్నది చాంబర్‌ని దేనితో చేశారన్న దాని మీద ఆధారపడుతుంది. రేకు చాంబర్‌ని ఇసుక సంచి మీద బోర్లించకుండా, నోరు పైకి ఉండేలా పెట్టి, లోపలి నుంచి కర్ర సుత్తితో నెమ్మదిగా కొడితే సొట్ట బయటికి వస్తుంది. ఇంజిన్‌కి బిగించి ఉండగానే బయట ఒక నట్టు వెల్డింగ్ చేసి లాగే పద్ధతి కొన్నిచోట్ల కనిపిస్తుంది. లోపల ఆయిల్, దాని ఆవిరి ఉండగా నిప్పు పెట్టడం ప్రమాదం. వెల్డింగ్ రవ్వలు లోపల రాలితే మళ్ళీ పోయేది స్ట్రైనర్‌లోకే. సొట్ట తీశాక రేకు ఎక్కడైనా సన్నగా చిట్లిందేమో కంటికి తెలియదు. దానికి మన పాత షెడ్లలో చేసే పరీక్ష ఒకటుంది. సుద్దపొడి నీళ్ళలో కలిపి బయటి వైపు పూసి ఆరనివ్వాలి. లోపల కిరోసిన్ గానీ డీజిల్ గానీ పోసి ఒక రాత్రి వదిలేయాలి. తెల్లటి సుద్ద మీద తడి గీత కనిపించిందంటే అక్కడ నెరియ ఉన్నట్టు. అంచు బోల్టు రంధ్రాల దగ్గర రేకు ఉబ్బి ఉంటే చదునైన ఇనప దిమ్మ మీద పెట్టి కొట్టి సమం చేయాలి. లేకపోతే ఎంత మంచి ప్యాకింగ్ వేసినా అక్కడి నుంచి ఆయిల్ చెమ్మ వస్తూనే ఉంటుంది. ఇంత పని దేనికి, కొత్తది వేసేద్దాం అంటే అదీ తెలివైన మాటే. చిన్న కార్ల రేకు చాంబర్ ధర ఇంజిన్ పనితో పోలిస్తే లెక్కలోకి రాదు.

అల్యూమినియం పోత చాంబర్ విషయంలో ఈ వెసులుబాటు లేదు. ఇంజిన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య బిగువునిచ్చే భాగంగా కూడా దాన్ని వాడతారు కాబట్టి మందంగానే ఉంటుంది. కానీ రేకులా వంగే గుణం తక్కువ, దెబ్బ గట్టిదైతే చిట్లుతుంది. సుత్తి పెడితే మరింత చిట్లుతుంది. ఆర్గాన్ వెల్డింగ్ చేసే పనివాళ్ళు ఉన్నారు, నైపుణ్యం ఉన్నవాళ్ళూ ఉన్నారు. అయితే ఏళ్ళ తరబడి ఆయిల్‌లో నానిన పోత లోహం కాల్చిన కొద్దీ నూనె కక్కుతుంది, అతుకు బుడగలు కడుతుంది. మార్చడమే మేలు. ఇప్పుడు కొన్ని ఇంజిన్లకు వస్తున్న ప్లాస్టిక్ చాంబర్లదీ ఇదే సంగతి. ఎంసీల్ ముద్ద పెట్టి ఊరు చేరడం ఆపద మొక్కు లాంటిది. అది మరమ్మతు కాదు.

తిరిగి బిగించేటప్పుడు జరిగే పొరపాటు ఒకటి మళ్ళీ మొదటికే తెస్తుంది. ప్యాకింగ్‌కి బదులుగానో, తోడుగానో వాడే సిలికాన్ పేస్టుని ‘ఎందుకైనా మంచిది’ అని దట్టంగా పూస్తారు. బోల్టులు బిగించగానే అది రెండు వైపులా పొంగుతుంది. బయట పొంగింది కంటికి కనిపిస్తుంది, తుడుస్తారు. లోపల పొంగింది ఆరి, రబ్బరు తునకలా ఊడి, ఆయిల్‌లో కొట్టుకొచ్చి స్ట్రైనర్ జల్లెడకి అతుక్కుంటుంది. సొట్ట వల్ల మూసుకుపోవాల్సిన దారిని పేస్టు మూసేస్తుంది. సన్నటి గీతలా, బోల్టు రంధ్రాలకి లోపలి వైపుగా పూస్తే చాలు. చిన్న బోల్టులు కాబట్టి ఎదురెదురుగా, కొద్దికొద్దిగా, మణికట్టు బలంతోనే బిగించాలి. పేస్టు గట్టిపడే దాకా ఆయిల్ పోయకూడదు. కస్టమర్ తొందరపెడుతున్నాడని గంటలో బండి ఇచ్చేయడం కంటే రేపు రమ్మని చెప్పే మెకానిక్‌ని మనం గౌరవించాలి.

బీమా ఉందిగా అనుకునేవారు పాలసీ షరతులు ఒకసారి చదవాలి. మన దేశంలో కారు బీమా ప్రామాణిక పాలసీ ప్రమాదవశాత్తూ తగిలిన దెబ్బకి డబ్బిస్తుంది. ఆ దెబ్బ పర్యవసానంగా వచ్చే నష్టాన్ని, యంత్రం దానంతటది చెడిపోవడాన్ని మినహాయిస్తుంది. మరమ్మతు చేయించకుండా బండి నడిపితే ఆపైన పెరిగిన నష్టమంతా యజమానిదే అని షరతు స్పష్టంగా ఉంటుంది. చాంబర్ సొట్ట ప్రమాదం కిందికి వస్తుంది. సొట్టతో నెల తిరిగాక ఇంజిన్ పట్టేస్తే రాదు. ఇంజిన్ రక్షణ కోసం అదనపు ప్రీమియంతో ఇచ్చే కవర్లు ఉన్నాయి, వాటిలోనూ ఏది వస్తుందో ఏది రాదో చదివి తెలుసుకోవాలి. ఇంకో వైపు, చిన్న ఖర్చుకి క్లెయిమ్ పెడితే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. అది మొదటి ఏడాది 20 శాతంతో మొదలై ఐదేళ్ళకి 50 శాతానికి చేరుతుంది. 1500 సీసీ లోపు కార్లకు తప్పనిసరిగా కోసే వెయ్యి రూపాయలూ కలిపి లెక్క వేసుకుంటే, ఒక్క రేకు చాంబర్ కోసం క్లెయిమ్ పెట్టడం లాభం కాకపోవచ్చు. పెట్టినా పెట్టకపోయినా దెబ్బ తగిలిన రోజే ఫొటోలు తీసుకోవడం మంచిది.

ముందే ఇనప గార్డు వేయించుకుంటే ఈ బాధే ఉండదుగా అన్నది చివరి ప్రశ్న. మట్టి బాటల్లో తరచూ తిరిగే బండికి గార్డు మంచిదే. కానీ అది చాంబర్ కన్నా కింద ఉంటుంది కాబట్టి ఉన్న క్లియరెన్స్‌లో మరో రెండు సెంటీమీటర్లు తింటుంది, ఇంతకుముందు తగలని చోట కూడా తగలడం మొదలవుతుంది. పలచటి గార్డు పెద్ద దెబ్బకి తానే పైకి వంగి చాంబర్‌ని నొక్కుతుంది. గాలి ఆడే కంతలు లేకపోతే వేడిని పట్టి ఉంచుతుంది. చాంబర్‌కీ దానికీ మధ్య వేళ్ళు దూరేంత ఎడం ఉందా, డ్రెయిన్ బోల్టు దగ్గర కంత ఉందా అన్నవి చూసుకుని వేయించాలి. వేయించాక కూడా సర్వీసుకోసారి దాన్ని విప్పించి లోపల చూడాలి. ఆయిల్ మార్చడానికి బండి లిఫ్ట్ మీదికి ఎక్కినప్పుడు పక్కన నిలబడి, ఫోను టార్చి వేసి డ్రెయిన్ బోల్టు చుట్టుపక్కల నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. పోయినసారి తీసిన ఫొటో పక్కన పెట్టి చూస్తే, ఎవరూ చెప్పని సొట్ట ఉంటే అక్కడే కనిపిస్తుంది.